పక్క కొట్టు డబ్బా

కుట్టు కొట్టు నుంచి,
కరెంటు పోయి మిషను ఆగిన మధ్యాహ్నం

ఒసే మరదలు పిల్లా,

ఫోన్లో అయితే రెండు ముక్కలకే "ఉంటాను వదినా, కస్టమర్ వచ్చారు" అని పెట్టేస్తున్నావు. ఉత్తరాన్ని మధ్యలో పెట్టేయలేవు కదా, అందుకే రాస్తున్నాను. ఇక్కడ అందరం బాగున్నాం. మీ అన్నయ్య మరీ బాగున్నాడు, ముఖ్యంగా తిండి దగ్గర. నువ్వెళ్ళాక నీ మిషను మీద గుడ్డ కప్పాను. పోయినవారం ఆ గుడ్డ మీద టీ గ్లాసు పెట్టాడని పెద్ద రభస చేశాను. చెప్పడం మరిచా, గ్లాసు పగిలింది, మిషను బాగానే ఉంది.

అసలు సంగతి విను. మన వీధి మొదట్లో పెద్ద బట్టల దుకాణం వచ్చింది. బట్ట అక్కడే కొనాలి, కొలతలు అక్కడే ఇవ్వాలి, ఉతుక్కి కూడా అక్కడే వేయాలి. దాంతో మన ఇస్త్రీ ఆయనకి నిద్ర పట్టలేదు. పొద్దున్నే వచ్చి, "అమ్మా, పాంప్లెట్లు వేయిద్దాం. ఒక్కణ్ణే వేయించుకుంటే నడుం విరుగుద్ది. మీరు, నేను, చెప్పులాయన, ముగ్గురం కలిసి ఒకే కాగితం మీద వేయిస్తే తలా కాస్త భారం" అన్నాడు. బాగానే ఉందనుకున్నాం. ఎవరి పేరు పైన వేయాలన్న దగ్గర మొదలైంది గొడవ! చెప్పులాయన "మనిషికి ఆధారం కాళ్ళు, నా పేరే పైన" అంటాడు. ఇస్త్రీ ఆయన తన గురించి తనే రాసుకొచ్చాడు, "తెల్లదనానికి మారుపేరు" అని. ఆ రాసుకొచ్చిన మనిషి చొక్కాకి అప్పటికి ఇంకా పసుపు మరక ఉంది.

నాకు ఒళ్ళు మండింది. "సొంత డబ్బా ఎవడు నమ్ముతాడయ్యా? ఎవడి గురించి వాడు ఒక్క ముక్క రాయకూడదు. పక్క కొట్టు డబ్బా కొట్టండి, అది కూడా నిజం చెప్పి" అన్నాను. ఇద్దరూ నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశారు. కానీ రాశారు.

నా గురించి చెప్పులాయన రాసింది చూడు: "ఈవిడ నోరు పెద్దది, కుట్టు సన్నం. నోటిని ఓర్చుకుంటే కుట్టు పదేళ్ళుంటుంది." నేను ఇస్త్రీ ఆయన గురించి రాశాను: "చెప్పిన రోజున ఇవ్వడు. ఇచ్చిన రోజున మీ చొక్కాని మీరే గుర్తుపట్టరు." ఆయన చెప్పులాయన గురించి రాశాడు: "పొద్దస్తమానం నిలబడి పనిచేసేవాణ్ణి. ఈయన బాగుచేసిన చెప్పుల మీదే నిలబడ్డాను."

అచ్చు వేసేవాడు రెండుసార్లు అడిగాడు, ఇదే వేయమంటారా అని. వేయించాం. జనం పాంప్లెట్ పట్టుకుని, నవ్వుకుంటూ వస్తున్నారే! ఒకాయన తలుపు దగ్గరే నిలబడి "ఆ నోరు పెద్దావిడ మీరేనా?" అన్నాడు. ప్యాంటు పొట్టి చేయించుకుని వెళ్ళాడు.

నీ కొట్టు ఎలా నడుస్తోంది? వివరంగా రాయి.

మీ వదిన


మెట్ల కింది కొట్టు నుంచి,
ఎండ వాలిన వేళ

వదినా,

నీ పాంప్లెట్ చదివి పడీ పడీ నవ్వాను. చెప్పులాయన మహానుభావుడు. ఇన్నేళ్ళు మేమంతా మనసులో అనుకున్నది అచ్చు వేయించాడు.

నా కొట్టు బ్రహ్మాండంగా ఉంది. క్షణం తీరిక ఉండటం లేదు. మూడంతస్తుల మేడ మెట్ల కింద గది అని చెప్పాగా, మెట్లెక్కేవాళ్ళు, దిగేవాళ్ళు అందరూ నా నెత్తి మీదుగానే. ఎవరి నడక ఎవరిదో చెప్పేయగలను. పై అంతస్తు లెక్కల మాస్టారు ఎడమకాలు గట్టిగా వేస్తారు. రెండో అంతస్తు కోడలు దిగేటప్పుడు ఒక మెట్టు వదిలేసి దూకుతుంది, అత్తగారు చూడకపోతేనే.

ఎదురుగా కళ్ళజోళ్ళ కొట్టు. ఆయన కాస్త ముభావం మనిషి. పొద్దున తలుపు తీయగానే అద్దాల బీరువా తుడుస్తాడు, భోజనం ముందు తుడుస్తాడు, నాలుగింటికి ఎండ దానిమీద పడగానే వేలిముద్రలు కనపడి మళ్ళీ తుడుస్తాడు. ఒక గోధుమరంగు పిల్లి ఆయన గుమ్మంలో పడుకుని, నీడ జరిగినకొద్దీ జరుగుతూ, సాయంత్రానికి నా గుమ్మంలోకి వస్తుంది. ఆయన కొన్నవాళ్ళకి కళ్ళజోడు పాత కాగితంలో చుట్టి ఇస్తాడు. చాలామంది అది విప్పి, కాగితం రోడ్డు మీద పారేసి, కళ్ళజోడు జేబులో వేసుకుంటారు. పక్కన తాళాలు చేసే ఆయన ఉన్నాడు, ఈలపాట బాగా పాడతాడు కానీ ఒకటే పాట.

మీలాగా ముగ్గురు కలిసి పాంప్లెట్ వేసుకోవలసిన అవసరం ఇంకా నాకు రాలేదులే. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు కదా, నువ్వు నేర్పిన పనే నన్ను గెలిపిస్తోంది. మా ఆయనకి, అదే మీ తమ్ముడికి, ఆఫీసు పని బాగానే ఉంది. అన్నయ్యని అడిగానని చెప్పు. నా మిషను మీద గ్లాసులు పెట్టొద్దని కూడా చెప్పు.

నీ మరదలు


కుట్టు కొట్టు నుంచి,
పొద్దున్నే, బోణీ కాకముందే

మరదలు పిల్లా,

ఇక్కడ ఇస్త్రీ ఆయనకి కొత్త తెలివి పుట్టింది. ఉతికిన చొక్కాకి గుండీ వదులుగా ఉంటే, ఆ గుండీకి ఒక పచ్చదారం ముడివేసి పంపిస్తున్నాడు. "పచ్చదారం ఉన్న గుండీ ఊడబోతోంది, ఎదురు కొట్టులో కుట్టించుకోండి" అని చెబుతాడు. పాంప్లెట్ ఖర్చు కూడా లేదు చూడు! గుండీకి వచ్చినవాళ్ళు ఎలాగూ చిరిగిన జేబు గుర్తుచేసుకుంటారు. నేను బదులుగా, మరక ఉన్న బట్ట వస్తే కుట్టను. "ముందు ఎదురింటికి వెళ్ళి ఉతికించుకు రా నాయనా" అని పంపేస్తున్నాను. చెప్పులాయనకి మాత్రం మా ఇద్దరి మీద అనుమానం, తనని వదిలేసి వియ్యమందామని. పాపం, ఆయన్ని బుజ్జగించేసరికి నా ప్రాణం పోయింది.

సరే, ఇప్పుడు నీ సంగతికొద్దాం. నీ ఉత్తరం మీ అన్నయ్యకి చదివి వినిపించాను. ఆయన సంతోషించాడు. నేను మళ్ళీ ఒకసారి నాకోసం చదువుకున్నాను. ఒసేయ్, క్షణం తీరిక లేనిదానివి, ఎదురు కొట్టాయన అద్దం ఎప్పుడెప్పుడు తుడుస్తాడో నీకెలా తెలుసే? పిల్లి నీడతోపాటు జరగడం చూడాలంటే పొద్దుట్నుంచి సాయంత్రం దాకా గుమ్మంలోనే కూర్చోవాలి. ఇక్కడ నువ్వు పనిలో ఉన్నప్పుడు నీ పక్కన పిడుగు పడినా తలెత్తేదానివి కాదు. మూడు పేజీల ఉత్తరంలో ఒక్క జాకెట్టు ముక్క లేదు, ఒక్క కొలత లేదు, సతాయించిన ఒక్క కస్టమర్ లేదు. కస్టమర్ని తిట్టకుండా ఉత్తరం రాసే దర్జీ ఎక్కడైనా ఉంటుందా?

నాకు మీ అన్నయ్య దగ్గర దాచడం వచ్చు. నా దగ్గర దాచడం నీకు రాదు. నిజం రాయి.

మీ వదిన


మెట్ల కింది కొట్టు నుంచి,
వానకి వీధంతా ఖాళీ అయిన పూట

వదినా,

నీ ఉత్తరం చూసి ముందు కోపం వచ్చింది. చింపేద్దామనుకున్నాను. తర్వాత ఏడుపొచ్చింది. చింపలేదు.

పని లేదు వదినా. ఈగలు తోలుకుంటున్నాను. ఈగలకి కూడా నేను అలవాటైపోయి, తోలినా కదలడం లేదు. కొట్టు తెరిచిన కొత్తలో ఇద్దరు ముగ్గురు వచ్చారు. తర్వాత అదీ లేదు. మెట్ల కింద గది, బయటికి కనపడదు, బోర్డు పెడితే మెట్ల నీడలో పోతుంది. ఫోన్లో కస్టమర్ వచ్చారని చెప్పినప్పుడల్లా ఎవరూ రాలేదు. ఇంకాసేపు మాట్లాడితే నిజం బయటపడుతుందని పెట్టేసేదాన్ని.

ఊరి బయట బట్టల ఫ్యాక్టరీ ఉంది. రమ్మంటున్నారు. పని ఏమిటో తెలుసా, కాలర్లు. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా కాలర్లే. చొక్కా ఎలా ఉంటుందో నాకు చూపించరు కూడా. వానలు తగ్గేలోపు వాళ్ళకి మాట చెప్పాలి. ఇంటాయన కూడా అప్పటికే అడుగుతాడు, గది ఉంచుకుంటావా, ఖాళీ చేస్తావా అని. మీ తమ్ముడు ఏమీ అనడు. "నీ ఇష్టం" అంటాడు, అని టీవీ సౌండు తగ్గిస్తాడు. ఆ సౌండు తగ్గించడం చూస్తే నాకు ఇంకా దిగులేస్తుంది.

నువ్వు నేర్పిన పని ఇది. కొలత తీయడం దగ్గర్నుంచి గుండీ దాకా ఒక మనిషి బట్టంతా ఒక్క చేత్తో కుట్టడం. అది వదిలేసి కాలర్లకి వెళ్ళడం నాకు ఇష్టం లేదు. అంతే, తిప్పి తిప్పి చెప్పడం ఎందుకు.

నీ పక్క కొట్టు డబ్బా ఇక్కడ పనికిరాదు. ఆలోచించాను. మీ ముగ్గురికీ ఇచ్చిపుచ్చుకోవడానికి మనుషులున్నారు. నేను ఎవరి దగ్గరికి వెళ్ళి ఏమని అడగను? "మీ కస్టమర్లని నాకు పంపండి, నా ఈగల్ని మీకు పంపుతాను" అననా?

మీ అన్నయ్యగారికి చెప్పకు. అదే, మా అన్నయ్యకి. ఏం రాస్తున్నానో నాకే తెలీడం లేదు.

నీ మరదలు


కుట్టు కొట్టు నుంచి,
ఉత్తరం అందిన రోజే

పిచ్చి పిల్లా,

ఏడిస్తే ఏడ్చావు, కత్తెర మాత్రం తుప్పు పట్టనివ్వకు. వానాకాలం.

మీ అన్నయ్యకి చెప్పేశాను. చెప్పకుండా ఉండటం నావల్ల కాలేదు. ఆయన అన్నం సగంలో ఆపి, "రమ్మని రాయి" అన్నాడు. నేను రమ్మని రాయడం లేదు. వస్తే మళ్ళీ నా పక్కన కూర్చుంటావు, నాకు హాయి. కానీ ఓడిపోయి వచ్చినదాన్ని పక్కన పెట్టుకుని కుట్టడం నాకు చేతకాదు.

అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. నీకు అడగడం రాదు. అది మీ వంశంలోనే లేదు. పెళ్ళయిన కొత్తలో మీ అన్నయ్య, మజ్జిగ కావాలని అడగడానికి మొహమాటపడి, గ్లాసు నా వైపు జరుపుతూ కూర్చునేవాడు. సరే, అడగొద్దు. ముందు పెట్టు. నీ దగ్గర పంపడానికి మనుషులు లేరు, నిజమే. చేతులు లేవా? పొద్దస్తమానం ఖాళీగా ఉన్న చేతులు ఆ వీధిలో ఇంకెవరికైనా ఉన్నాయా? ఇన్నాళ్ళు ఎదురు కొట్టుని చూశావు కదా, ఆయనకి ఏది కొరతో నీకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది? ఆయనకి పనికొచ్చేది ఒకటి కుట్టి తీసుకెళ్ళు. ఆ వస్తువు మీద నీ పేరుంటే, ఆయన కస్టమర్లే దాన్ని మోసుకుని తిరుగుతారు.

వెళ్ళి, నోరు తెరువు. నా నోటిలో సగం అరువిస్తాను.

మీ వదిన


మెట్ల కింది కొట్టు నుంచి,
వానలు సన్నబడ్డాక

వదినా,

వెళ్ళాను! నీ నోరు అరువు తీసుకునే వెళ్ళాను.

మిగిలిన ముక్కలతో కళ్ళజోడు సంచీ ఒకటి కుట్టాను. పైన మందపాటి బట్ట, లోపల మెత్తటి అస్తరు. కళ్ళజోళ్ళాయన దాన్ని తిప్పి తిప్పి చూసి, "ఇలాంటివి నాకు అవసరం లేదమ్మా, ప్లాస్టిక్ డబ్బాలున్నాయి" అన్నాడు.

"అవి జేబులో పట్టవని ఎవరూ తీసుకోవడం లేదు కదండీ. మీరు కాగితంలో చుట్టి ఇస్తారు. వాళ్ళు గుమ్మం దాటగానే పారేస్తారు. వారం తిరక్కుండా అద్దం మీద గీతలు పడ్డాయని మీతో పోట్లాటకి వస్తారు" అన్నాను.

ఆయన కళ్ళజోడు ముక్కు మీదికి జార్చి చూశాడు. "ఎన్నాళ్ళ నుంచి చూస్తున్నారు?"

"కొట్టు తెరిచినప్పట్నుంచి. నాకు వేరే పనేముంది?"

వదినా, ఆయన నవ్వాడు! ఆ మనిషికి పళ్ళున్నాయని నాకప్పుడే తెలిసింది. ఆయనా పాంప్లెట్లు వేయిద్దామని అనుకుంటున్నాడట. అవి మానేసి ఆ ఖర్చుతో బట్టా, అస్తరూ తెప్పిస్తానన్నాడు. కుట్టు నాది. పైన ఆయన కొట్టు పేరు అచ్చు వేయిస్తాం. నా పేరు లేబుల్ మీద. కళ్ళజోడు కొన్నవాళ్ళందరికీ ఆయన ఊరికే ఇస్తాడు. ఖర్చు సగం సగం, పేరు చెరొకటి.

ప్రాణం పెట్టి కుట్టాను. లేబుల్ ఒక్క దారం బయటికి కనపడకుండా వేశాను, నువ్వు చూస్తే వంక పెట్టలేవు. జనానికి సంచీ తెగ నచ్చింది. మేడ మీది లెక్కల మాస్టారు జేబులో కూడా అదే.

కానీ వదినా, నా దగ్గరికి ఒక్కరంటే ఒక్కరు రాలేదు. చాలా రోజులైంది. సంచీలు వెళ్తున్నాయి, మనుషులు రావడం లేదు. ఫ్యాక్టరీ వాళ్ళు మళ్ళీ కబురు పంపారు. నాకేం అర్థం కావడం లేదు. ఒక సంచీ ఇందులో పెట్టి పంపుతున్నాను. కుట్టులో లోపమా, చూసి చెప్పు.

నీ మరదలు


కుట్టు కొట్టు నుంచి,
నవ్వాగక నీళ్ళు తాగి వచ్చి

ఒసే తెలివిగలదానా,

కుట్టులో లోపం లేదు. బుర్రలో ఉంది. అది నేనే పెట్టాను, నేర్పినదాన్ని కనక.

లేబుల్ ఎక్కడ వేశావే? లోపల, అస్తరు మీద, పై అంచు కింద! చొక్కాకి కాలర్ లోపల వేసినట్టు! దర్జీ బుద్ధి పోనిచ్చుకున్నావు కాదు. సంచీ నా చేతికి వచ్చాక నేనూ దాన్ని మెచ్చుకుంటూ కూర్చున్నాను చూడు, ఎంత చక్కగా లోపలికి మడిచిందో అని. తప్పు పట్టింది మీ అన్నయ్య. తన కళ్ళజోడు తీసి, అందులో పెట్టబోతూ, "ఇదేమిటే, లోపల తెల్లగా ఏదో మసగ్గా ఉంది, ధర చీటీయా?" అన్నాడు.

అర్థమైందా? కళ్ళజోడు పెట్టుకున్నంతసేపు సంచీ జేబులో ఉంటుంది. సంచీ తెరిచేది కళ్ళజోడు తీశాకే. కళ్ళజోడు తీస్తే నీ పేరు కనపడదు! ఊళ్ళో చూపు తక్కువ ఉన్నవాళ్ళందరినీ ఏరి, సరిగ్గా వాళ్ళకి కనపడని చోట పేరు కుట్టావు తల్లీ! ఇస్త్రీ ఆయన్ని, చెప్పులాయన్ని పిలిచి చూపించాను. చెప్పులాయన నవ్వి నవ్వి పొలమారి, నేను వీపు మీద చరచాల్సి వచ్చింది.

తర్వాత మీ అన్నయ్య కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని, లేబుల్ పైకి చదివాడు. "వదినా మరదళ్ళ కుట్టుపని."

అందరం నవ్వడం ఆపేశాం.

నువ్వు వెళ్ళి నీ పేరుతో కొట్టు పెట్టుకున్నావని అనుకున్నానే. పెట్టుకోకూడదని కాదు, కానీ కొంచెం కోపంగా ఉండేది, ఇప్పుడు చెబుతున్నాను. నేను అక్కడ లేను కదే! లేనిదాని పేరు ముందు పెట్టి, నీది వెనక పెట్టుకుని, నాతో ఒక్క మాట అనలేదు. మీ అన్నయ్య అద్దం మీద మరకుందని కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. మరకా లేదు, పాడూ లేదు. నేను మాత్రం అందరి ముందూ ఏడ్చాను.

సరే, ఇప్పుడు ఏడ్చే టైము కాదు. మిగిలిన సంచీలన్నీ వెనక్కి తీసుకో. లేబుల్ విప్పి బయట కుట్టు, పెద్ద కుట్టుతో, దారం కనపడితే కనపడనీ. ఫ్యాక్టరీకి ఏ మాటా చెప్పకు, అది అయ్యేదాకా.

మీ వదిన


మెట్ల కింది కొట్టు నుంచి,
మిషను మీద కాగితం పెట్టి

వదినా,

నీ ఉత్తరం చదివి సిగ్గుతో చచ్చిపోయాను. లేబుల్ బయట వేయడం నాకు తట్టనేలేదు. బట్ట లోపల పేరు, బయట పని, నువ్వు చెప్పిందదే కదా! పేరు సంగతి కావాలనే చెప్పలేదు. కొట్టు మూసేస్తే ఆ పేరుతో ఒకటుండేదని నీకు తెలియకపోవడమే మంచిదనుకున్నాను.

విప్పడానికి కత్తెర పట్టుకుని కళ్ళజోళ్ళాయన దగ్గరికి వెళ్ళి, జరిగింది చెప్పాను. ఆయన కౌంటర్ పట్టుకుని నవ్వాడు. నవ్వాక సంచీలు ఇవ్వనన్నాడు! "ముట్టుకోకండి. నాకు ఇదే కావాలి" అన్నాడు.

ఆయనకున్న బాధ ఏమిటంటే, గోడమీది అక్షరాల బోర్డు జనానికి కంఠస్థం అయిపోయిందట. వంతు కోసం కూర్చున్నవాళ్ళు వింటూ వింటూ నేర్చేసుకుంటారు. కనపడినా కనపడకపోయినా గడగడా అప్పజెప్పేస్తారు. అందుకని ఇప్పుడు కొత్త కళ్ళజోడు పెట్టగానే సంచీ తెరిచి చేతికిచ్చి, "లోపల ఏముందో చదవండి" అంటున్నాడు. సన్నటి అక్షరాలు, అందరికీ కొత్త. చదవగలిగితే కళ్ళజోడు సరిపోయినట్టు. వాళ్ళు కూడా కనపడుతోందన్న సంతోషంలో గట్టిగా చదువుతారు. "వదినా మరదళ్ళ కుట్టుపని!" అని ఒక్కొక్కళ్ళు అరిస్తే, రోడ్డుకి ఇవతల నాకు వినపడుతోంది. ఆయన వెంటనే, "ఆ కొట్టు ఎదురుగానే. ఈ సంచీ కుట్టింది ఆ అమ్మాయే. ఎంత బాగా కుడుతుందంటే, సొంత పేరు కూడా దాచేసుకుంటుంది" అంటున్నాడట. నేను ఒక్క ముక్క చెప్పుకోలేదు వదినా, అంతా ఆయనే.

ముందొచ్చింది ఒక పెద్దావిడ. ముక్కు మీద కొత్త కళ్ళజోడు, గుమ్మంలో నిలబడి నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. "ఇద్దరిలో నువ్వెవరివి?" అంది. మరదల్ని అన్నాను. జిప్పు పోయిన చేతిసంచీ ఇచ్చి వెళ్ళింది. మర్నాడు కూతురి డ్రెస్సులు తెచ్చింది. తర్వాత లెక్కల మాస్టారు, ఇన్నాళ్ళూ నా నెత్తి మీద నడిచిన మనిషి, "అరె, మా మెట్ల కిందే ఉన్నారా!" అనుకుంటూ మూడు ప్యాంట్లు పట్టుకొచ్చారు. తనూ కలుస్తానని తాళాలాయన నిన్ననే అడిగాడు. ఆయన గురించి నేను రాయాలట. ఈలపాట మార్చుకుంటేనే రాస్తానన్నాను.

ఫ్యాక్టరీకి రానని చెప్పేశాను. ఇంటాయనకి గది ఉంచుకుంటున్నానని చెప్పాను. మీ తమ్ముడికి చెబితే, "హమ్మయ్య" అని, టీవీ సౌండు పెంచాడు. ఆ గోల నాకు ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

ఒక చిక్కొచ్చి పడింది. వచ్చినవాళ్ళందరూ "వదిన ఏదీ?" అని అడుగుతున్నారు. ఏం చెప్పాలో తెలీక, "లోపల కాజాలు కుడుతోంది" అని చెప్పేశాను. నువ్వు చూడలేదు కనక చెబుతున్నా, ఈ గదికి లోపల అనేదే లేదు. మెట్టు, గోడ, నేను, అంతే. పెద్దావిడ వంగి మరీ చూసింది.

పని గుట్ట పడింది వదినా. ఒక్కదాన్ని అందుకోలేకపోతున్నాను. అడగడం నాకు రాదని నీకు తెలుసు. అడుగుతున్నాను. కొన్నాళ్ళు రా.

నీ మరదలు


కుట్టు కొట్టు నుంచి,
పెట్టె సర్దుతూ

మరదలు పిల్లా,

ఎన్నాళ్ళకి అడిగావే!

ఇక్కడ పచ్చదారం గుండీలన్నీ మీ అన్నయ్య కుడతానన్నాడు. నాలుగు కుట్టి చూపించాడు. మూడు సరైన చొక్కాకే కుట్టాడు. ఇస్త్రీ ఆయన పక్కనుండి చూసుకుంటానన్నాడు, చెప్పులాయన ఆ ఇద్దరినీ చూసుకుంటానన్నాడు. దేవుడే దిక్కు.

పొద్దున బస్సుకి బయల్దేరుతున్నాను. నీ మిషను కూడా తీసుకొస్తున్నాను, రెండో మనిషి కూర్చోవడానికి చోటు చూసి ఉంచు. వదిన ఏదీ అని ఎవరైనా అడిగితే ఇక అబద్ధం ఆడక్కర్లేదు. దార్లో ఉందని చెప్పు.

మీ వదిన